కప్పబండికి పంపుసెట్టు గొట్టం

మొన్న మా వీధి చివర షెడ్డు నడుపుకునే మెకానిక్కు ఒకతను వచ్చి, "పెద్దాయనా, వేరే వేరే సంవత్సరాల మోడళ్ల సామాను కలిపి ఒక ఇంజను కట్టొచ్చునా?" అని అడిగాడు. ఎందుకు కట్టకూడదయ్యా, నేను కట్టాను అన్నాను. ఒకసారి తప్పుగా కట్టాను, ఇంకోసారి సరిగ్గా కట్టాను. అతను నవ్వి వెళ్లిపోయాడు గానీ నాకు మాత్రం ఆ రోజంతా ఆ పాత ఇంజనే చెవుల్లో మోగింది. ఫోన్లో పార్టు నంబరు కొట్టి ఇంటికే సామాను తెప్పించుకునే మీ తరానికి ఇదంతా పిచ్చిపనిగా కనిపించవచ్చు. కనిపించనీండి. ఓపికుంటే వినండి.

నేను అసలు పంపుసెట్టు మెకానిక్కును. కళ్యాణదుర్గంలో బస్టాండు వెనక రేకుల షెడ్డు ఉండేది. చుట్టుపక్కల ఏ బావి మీద డీజిలు ఇంజను ఆగినా నాకే కబురొచ్చేది. ఆ తర్వాత బావులు ఎండాయి, బోర్లు దిగాయి, ఆ బోర్లూ ఎండాయి. నీళ్లు లేని బావి మీద ఇంజను బాగుచేయించుకునే వెర్రివాడు ఎవడుంటాడు? షెడ్డులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే తొంభైల చివర్లో, మా వైపు కొండల మీద గాలిమరలు లేవడం మొదలైంది. వాన లేదు గానీ గాలికి మాకేం తక్కువ! ఒక కంపెనీవాళ్లు కొండ కింద సైటు ఆఫీసు పెట్టి, జీపులూ జనరేటర్లూ చూసుకోవడానికి మనిషి కావాలంటే షెడ్డు అమ్మేసి పోయి చేరాను.

అక్కడ నాతోపాటు ఇంకో మెకానిక్కు ఉండేవాడు. అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అంతే. బోరుబండ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు. కంప్రెసరు మోతకు చెవులు సగం పోయాయి. అందుకని ఇంజను రోగం కనిపెట్టాలంటే స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి పిడిని పళ్లతో కరిచిపట్టుకునేవాడు. శబ్దం ఎముకల్లోంచి వస్తుందట. నవ్వుకునేవాళ్లం గానీ అతను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాకు కోపం ఎక్కువ, అతనికి నోరు ఎక్కువ. రోజూ జగడమే. అయినా మధ్యాహ్నం క్యారియర్లు ఒకేచోట విప్పేవాళ్లం, నా జొన్నరొట్టె అతనికి, అతని ఊరిబిండి పచ్చడి నాకు.

గాలిమరలు నిలబెట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతూ పోతూ రెండు వింత బండ్లను మాకు వదిలి వెళ్లారు. నాలుగు లావుపాటి గాలి టైర్లు, మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టు హ్యాండిల్, కాళ్లు చెరోవైపు వేసుకుని కూర్చునే సీటు. రాళ్లనూ గుంతలనూ లెక్కచేయకుండా ఎగురుకుంటూ పోతుందని ఊళ్లవాళ్లు దానికి కప్పబండి అని పేరు పెట్టారు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. రెండూ ఒకే కంపెనీవి, ట్యాంకు మీద ఒకే పేరు. ఎర్రది పాత మోడలు, పచ్చది దానికి నాలుగైదేళ్ల తర్వాతది. పక్కపక్కన పెడితే రంగు తప్ప తేడా తెలిసేది కాదు. మా కష్టమంతా అక్కడే పుట్టింది.

ఆ కొండ వెనకవైపు, చాలా పైన, ఒక చిన్న పల్లె ఉంది. కొన్ని ఇళ్లు, మేకలు, వానొస్తే వేరుశనగ వేసే నాలుగు చేలు. కంపెనీ తన కరెంటు తీగలు వాళ్ల చేలల్లోంచి వేసుకున్నప్పుడు ఒక మాట ఇచ్చింది. పల్లెలో బోరు పడేదాకా తాగేనీళ్లు రోజూ పైకి చేరుస్తామని. జీపు సగం దారి దాటి పోదు. అక్కడ రెండు పెద్ద గుండ్ల మధ్య ఇరుకు సందు ఉంది. ఆ సందులో పట్టేది కప్పబండి ఒక్కటే. వెనక చిన్న ట్రాలీ తగిలించి, నీళ్ల డ్రమ్ములు కట్టి, పొద్దునా సాయంత్రం నేనూ భాయ్ వంతులేసుకుని ఎక్కించేవాళ్లం.

పల్లెకు పెద్దదిక్కు ఒక అవ్వ. భర్త పోయినా, కొడుకులు ఎదిగినా, ఊళ్లో మాట ఆమెదే. బండి ఆగిందంటే ఆమె అరుగు మీదనుంచి లేచేది, చెంబుతో నీళ్లు తెచ్చేది. మా సీమలో గడప దగ్గరికి వచ్చిన మనిషికి ముందు కాళ్లకు నీళ్లిస్తారు, ఆ తర్వాతే పలకరింపు. మేము తెచ్చిన నీళ్లే మా కాళ్లకు ఎందుకవ్వా అంటే ఒప్పుకునేది కాదు. "కాళ్లకు నీళ్లియ్యకుండా మాట్లాడేకి మేమేమన్నా అడివిమనుషులమా?" అని కసిరేది. రెండు దోసిళ్లు పాదాల మీద పోసుకుని చెంబు తిరిగిస్తే అప్పుడు గానీ ఆమె ముఖం విప్పారేది కాదు.

కరువు రెండో ఏడుకు తిరిగిన ఎండాకాలంలో మాకు శని పట్టింది. పచ్చ బండిని ఒక డ్రైవరు కొండ మీద ఆపి, బ్రేకు వేయడం మరిచి, బీడీ ముట్టించుకోవడానికి గాలికి చాటు వెతుక్కుంటూ పోయాడు. బండి తనంతట తాను వంకలోకి దిగిపోయింది. దాని ఇంజను అడుగుభాగం, గేర్లుండే పెట్టెతో సహా, బండరాయికి తగిలి పగిలిపోయింది. పైభాగం, అంటే సిలిండరు, హెడ్డు, చెక్కు చెదరలేదు. ఆ తర్వాత భారమంతా ఎర్రదాని మీద పడింది. ముసలి ఇంజను, మండుటెండ, నీళ్ల బరువు. ఒక సాయంత్రం ఎక్కుతూ ఎక్కుతూ పిస్టను వేడికి బిగుసుకుని పట్టేసింది. దాని సిలిండరు గాట్లు పడి ఎందుకూ పనికిరాకుండా పోయింది, హెడ్డులో వాల్వు కూర్చునే చోటు పగిలింది. అడుగుభాగం మాత్రం దిట్టంగా ఉంది.

రెండు రోజులు విప్పి చూసి, ఇక లేవదని తేలాక ఆ కబురు చెప్పడానికి నడిచి ఎక్కాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. లేవలేదు. పక్కన చెంబు బోర్లించి ఉంది.

"కాళ్లకు నీళ్లియ్యల్యాకపోతాండా అప్పా. ఏమనుకోవాకు," అంది.

సామాను తెప్పిస్తాం, నాలుగు రోజులు ఓపిక పట్టండి అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మా కోడళ్లు తెల్లారకముందే బిందెలెత్తుకోని కిందికి దిగితే, తిరిగొచ్చేతలికి ఎండ నెత్తిమీదికొస్తాండాది. ఒకామె నిన్న గుండ్లకాడ కండ్లు తిరిగి పడె. పిల్లోళ్లకు పోస్తే మేకలకు ల్యా, మేకలకు పోస్తే మాకు ల్యా. నా కొడుకు మేకలన్నీ సంతకు తోలకపోతానంటాండాడు. ఆ మీదట అందరం బెంగుళూరుకు కూలికి. నీ బండి ఎక్కకుంటే మేం దిగాల్సిందే. మళ్ల ఎక్కేది ఉండదు నాయనా, దిగినోళ్లు యాడ ఎక్కినారు?"

సంత ఇంకో వారంలో ఉంది. మెట్టు దిగేటప్పుడు నా చెప్పుల నిండా దుమ్ము. ఆ దుమ్ముకాళ్లతోనే తిరిగొచ్చాను. వచ్చేదారిలోనే గట్టిగా అనుకున్నాను, ఈ ఊరు నేనుండగా దిగకూడదని.

మా సైటు మేనేజరు కోస్తా మనిషి. మంచివాడే గానీ పైవాళ్లకు భయపడేవాడు. నేను చెప్పిందంతా విని నుదురు రుద్దుకున్నాడు.

"చూడవయ్యా, ఆ మోడళ్లకు సామాను మన దేశంలో దొరకదు. బయటినుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. రెండూ తుక్కు కింద అమ్మెయ్యమని హెడ్డాఫీసు నుంచి ఆర్డరు కూడా వచ్చేసింది. గుత్తి నుంచి పాత ఇనుము వ్యాపారి లారీ వేసుకుని వస్తున్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

"రెండు సచ్చినవి కలిపి ఒకటి బతికిస్తాం సార్," అన్నాడు భాయ్, నేను నోరు తెరిచేలోపు.

మేనేజరు కిటికీ వైపు తిరిగాడు. "లారీ వచ్చేదాకా ఆ బండ్లు షెడ్డులోనే ఉంటాయి. అప్పటిదాకా వాటితో మీరేం చేసుకుంటున్నారో నేను చూడను," అన్నాడు. ఆ మాట చాలు మాకు.

ఇప్పుడు పని సంగతి కొంచెం చెప్పాలి. ఎర్రదాని అడుగుభాగం బాగుంది, పచ్చదాని పైభాగం బాగుంది. కిందిదాని మీద పైది కూర్చోబెడితే బండి అవుతుంది. కొలిచి చూశాం. బోల్టులు దిగే రంధ్రాలు అచ్చంగా కలిశాయి. పిస్టను కలిసింది, చైను కలిసింది. భాయ్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఒక్కటే తేడా కనిపించింది. ఎర్రదానికి ఇంజను పక్కన, బయటివైపు, వేలంత లావు కూడా లేని నూనె గొట్టం కిందినుంచి హెడ్డుకు పోతుంది. పచ్చదాని హెడ్డుకు ఆ గొట్టం తగిలించే చోటే లేదు.

"పచ్చదానికి బయట గొట్టం ల్యాదంటే లోపలే దారి ఉంటుంది గదా," అన్నాను.

"ఉండకుండా యాడికి పోతుంది? అన్ని దినాలు నూనె ల్యాకనే తిరిగినాదా? కింద రంధ్రానికి ఒక బోల్టు బిగిచ్చేయ్," అన్నాడు భాయ్. బిగించేశాం.

ఇక మధ్యలో వేసే ప్యాకింగ్. పచ్చదాని ప్యాకింగ్ విప్పేటప్పుడు చిరిగింది. కొత్తది దొరకదు. పంపుసెట్టు మెకానిక్కులకు అదొక లెక్కా? మందపాటి కాగితం అట్టను ఇంజను మూతి మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంబడి మెల్లగా తడుతూ పోతే, ఎక్కడెక్కడ రంధ్రముందో అక్కడ అట్ట దానంతటదే తెగిపడుతుంది. జీవితమంతా నేను ప్యాకింగులు అలాగే కోశాను. ఎర్రదాని అడుగుభాగం మీద అట్ట పరిచి, తట్టి, కోసి, కొంచెం ఎడం వస్తోందని మా అలవాటు ప్రకారం ఒకటికి రెండు పొరలు వేసి బిగించాను. చిరిగిన పాత ప్యాకింగును గోడ మేకుకు తగిలించాను. ఏ వస్తువునూ పారేయని బుద్ధి నాది.

స్టార్టు చేసే తాడు లాగితే మూడో లాగుకే ఇంజను అందుకుంది. భాయ్ టెంకాయ కొట్టాడు, నేను నిమ్మకాయ టైరు కింద పెట్టాను. డ్రమ్ములు నింపి బయల్దేరాం. నేను నడుపుతున్నాను, భాయ్ నా వెనక కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. గుండ్ల సందు దగ్గరికి వచ్చేసరికి ఇంజను తలలో టకటకమని మొదలైంది. ఆపుదామా భాయ్ అన్నాను. "ఏమీ ల్యా, బాగా పోతాంది, పోనీ!" అని నా భుజం తట్టాడు. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య లేకపోతే అతనికి ఏం వినిపిస్తుంది పాపం! టకటక కాస్తా కీచుమని అరుపైంది. బండి ఆగిపోయింది.

హెడ్డు మీది మూత విప్పితే లోపల చుక్క నూనె లేదు. వాల్వులను తెరిచి మూసే ఇరుసు ఉంటుందే, కామ్ అంటాం, దాని ముక్కులు అరిగి నీలం రంగుకు తిరిగాయి. పైనుంచి చూస్తున్న ఆడవాళ్లు బిందెలెత్తుకుని దిగి వచ్చి, డ్రమ్ముల్లోని నీళ్లు నింపుకుని ఎక్కిపోయారు. అవ్వ కూడా వచ్చింది. ఇంజను వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏమైనాది?"

"నూనె అందల్యా అవ్వా, పైకి."

"మాకు నీళ్లందనట్లేనా," అని బిందె నడుముకెత్తుకుంది.

ఎడ్లబండికి కట్టి కప్పబండిని కిందికి తెచ్చుకున్నాం. ఆ మధ్యాహ్నం నేనూ భాయ్ పోట్లాడుకున్నట్టు ఇంకెప్పుడూ పోట్లాడుకోలేదు. బోల్టు బిగించమన్నది నువ్వే అని నేను, లోపల దారి ఉందన్నది నువ్వే అని అతను. "బోరుబండ్లు తోలేటోనికి ఇంజను సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాను. "పంపుసెట్టు బుద్ధి పంపుసెట్టు బుద్ధే!" అన్నాడు. క్యారియర్లు వేరే వేరే చోట విప్పుకున్నాం. పోట్లాట కంటే పెద్ద దిగులు ఇంకోటి ఉంది. మా దగ్గర రెండే రెండు కామ్‌లు. పచ్చదానిది ఇప్పుడు కాలింది. ఇక ఎర్రదానిది ఒక్కటే మిగిలింది. అదీ పోతే గుత్తి లారీ, బెంగుళూరు బస్సు.

కడుపు మండి గోడకేసి చూస్తూ కూర్చున్నప్పుడు మేకుకు వేలాడుతున్న పాత ప్యాకింగ్ గాలికి ఊగుతోంది. బోల్టుల కోసం దానికి నాలుగు రంధ్రాలున్నాయి. మూడు గుండ్రంగా, ఒక్క కొలతలో ఉన్నాయి. నాలుగోదాని పక్కన ఒక కొరుకు. విప్పేటప్పుడు చిరిగిందనుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే ఆ కొరుకు అంచు నున్నగా ఉంది. చిరిగినది అలా ఉండదు. అది ఫ్యాక్టరీలోనే కోసింది. పచ్చదాంట్లో నూనె ఆ ఒక్క బోల్టు చుట్టూ సందులోంచి పైకి పోతుందన్నమాట. ఎర్రదాని అడుగున ఆ చోట నూనె వచ్చే తూమే లేదు. నేను ఎర్రదాని మూతి మీద తట్టి కోసిన అట్ట, పచ్చదాని వైపు ఉన్న ఆ సందును కూడా మూసేసింది. ఎర్రదానికి అసలు నూనె వచ్చే చోటును బోల్టు పెట్టి మేమే బిగించాం. రెండు బండ్లకూ చెరో దారి ఉంటే, మా చేతులతో రెండింటినీ మూసి, టెంకాయ కొట్టి బయల్దేరామన్నమాట!

ప్యాకింగ్ తీసుకుపోయి భాయ్ ముందు పెట్టాను. కొరుకు మీద వేలు పెట్టి చూశాడు. "యా అల్లా," అన్నాడు. ఆ తర్వాత తన డబ్బా నా వైపు తోశాడు. ఊరిబిండి ఇంకా మిగిలే ఉంది.

విరుగుడు తెలిసింది. ఎర్రదాని అడుగునుంచి బయట గొట్టం లాగి, పచ్చదాని హెడ్డు మూతకు రంధ్రం వేసి, నూనె నేరుగా కామ్ మీద పడేట్టు చేయాలి. ఎర్రదాని పాత గొట్టం పొట్టి, పైగా పిస్టను పట్టేసిన రోజే నలిగింది. సన్నటి రాగి గొట్టం కావాలి, కొసలకు బిగింపులతో సహా. అలాంటిది నాకు తెలిసి ఒక్క చోటే ఉంటుంది. పాతకాలం డీజిలు పంపుసెట్టు మీద. నా షెడ్డు అమ్మినప్పుడు అలాంటివి తూకానికి ఇచ్చేశాను. కానీ పల్లెలో అవ్వ వాళ్ల ఎండిన బావి గట్టున గోనెసంచులు కప్పిన ఇంజను ఒకటి చూసిన గుర్తు.

మళ్లీ ఎక్కాను. విషయం చెప్తే అవ్వ లేచి ముందు నడిచింది. బావి దగ్గర గోనెలు తనే తీసింది. కింద ఇంజను దుమ్ము లేకుండా, గ్రీజు పూసి, ఇవాళో రేపో స్టార్టు చేస్తారన్నట్టు ఉంది.

"మా ఆయప్ప ఎడ్లనమ్మి తెచ్చినాడు దీన్ని. పోయేముందర కూడా, వానొస్తే బావిలోకి నీళ్లొస్తాయి, ఇంజను తుప్పు పట్టనీయాకు అనె."

బయటికి తీసిన పానాను మళ్లీ సంచిలో పెట్టాను. "వద్దులే అవ్వా, ఇంకోచోట వెతుకుతాను," అన్నాను.

"యాడ ఎతుకుతావు? పీకు," అంది గట్టిగా. "ఊరే ల్యాకపోతే ఈ ఇంజను ఎవుని కోసరం? పీక్కోపో."

గొట్టం విప్పుకుని చొక్కాలో పెట్టుకున్నాను. తుడిచిన రాగి ఎర్రగా మెరిసింది. ఆమె గోనెలు మళ్లీ కప్పి, అంచులకు రాళ్లు పెట్టింది. నేను దిగి వచ్చాను, మళ్లీ దుమ్ముకాళ్లతోనే.

షెడ్డులో హెడ్డు మూతకు రంధ్రం వేసి, గ్యాసుతో కాల్చి ఇత్తడి బిగింపు అతికించాం. గొట్టాన్ని తిన్నగా బిగించబోతే భాయ్ ఆపాడు. "ఇంజను అదురుకు తిన్నని గొట్టం నిలబడదప్పా. బోరుబండి మీద ఇట్లాంటివి ఎన్ని పుటుక్కుమన్నాయో నాకు తెలుసు. ఒక చుట్టు చుట్టు. అదురంతా ఆ చుట్టు తింటుంది," అన్నాడు. ఈసారి నేను ఎదురు చెప్పలేదు. కొత్త ప్యాకింగును రెండు పొరలు కాకుండా, ఫ్యాక్టరీదాని మందానికి సరిపోయేట్టు ఒక్క పొరే కోశాం. కోసినదాన్ని కింది మూతి మీద, పై మూతి మీద, రెండింటి మీదా పెట్టి చూశాం. ఆఖరి కామ్ ఎక్కించాం.

సంత రోజు తెల్లారింది. ఆ పొద్దున ప్లగ్గు విప్పి, ఇంజను అందుకోకుండా ఉత్తి తాడు లాగడం మొదలుపెట్టాను. హెడ్డు మూత మీది చిన్న బిరడా తీసి భాయ్ లోపలికి చూస్తున్నాడు. నూనె పైకి వస్తేనే స్టార్టు చేయాలని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. లాగాను. రాలేదు. మళ్లీ మళ్లీ లాగాను. చేతులు పడిపోయాయి, చొక్కా తడిసింది. భాయ్ ముఖంలో మార్పు లేదు. బయట లారీ హారను వినిపించింది. గుత్తి వ్యాపారి వచ్చేశాడు.

"సారు రమ్మంటాడేమో," అన్నాను.

"లాగప్పా నువ్వు!" అని అరిచాడు భాయ్.

కిటికీలోంచి మేనేజరు గొంతు వినిపించింది. వ్యాపారితో, "ముందు ఆఫీసు వెనక పాత జనరేటరు ఉంది, అది ఎత్తుకోండి, ఆ తర్వాత చూద్దాం," అంటున్నాడు. ఆయన మేలు మరిచిపోలేను. నేను పళ్లు బిగించి లాగాను. భాయ్ ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. బిరడా రంధ్రంలో వేలు పెట్టి తీశాడు. వేలి కొస నల్లగా మెరుస్తోంది. ఆ వేలు నా ముఖం ముందు ఆడించాడు.

డ్రమ్ములు నింపుకుని బయల్దేరాం. ఈసారి భాయ్ ట్రాలీలో, నీళ్ల డ్రమ్ముల మధ్య ముందుకు వంగి కూర్చున్నాడు. చదును కనిపించిన చోటల్లా నన్ను ఆగమని, పొడవాటి స్క్రూడ్రైవరును హెడ్డుకు ఆనించి, పిడి పళ్ల మధ్య పెట్టుకుని వినేవాడు. "చలో" అన్నాకే కదిలేవాడిని. గుండ్ల సందుకు వచ్చాం. పైనుంచి మేకలు దిగుతున్నాయి. పల్లెలోని మేకలన్నీ. ముందు అవ్వ కొడుకు, భుజాన దుప్పటి మూట, చేతిలో కర్ర. సందులో ఒకరే పడతారు. ఎక్కుడులో ఆగితే ఆ బరువుతో మళ్లీ కదలడం కష్టం.

"అన్నా, మేకల్ని ఎనక్కి తోలు!" అని అరిచాను.

"మొన్న గూడా ఈడికే వచ్చి ఆగిపాయ గదప్పా. సంతకు పొద్దుపోతాండాది, నువ్వే ఎనక్కి పో!"

"ఈ తూరి ఆగదు! ఎక్కుతాండాది కనపల్యాదా? నీళ్లు తెస్తాండాం, తోలన్నా ఎనక్కి!"

అతను ఇంజను చప్పుడు వింటూ ఒక్క క్షణం నిలబడ్డాడు. డ్రమ్ముల మూతల కిందనుంచి నీళ్లు ఒలికి ట్రాలీ పలకల మీద కారుతున్నాయి. మేకలకు ఆ వాసన ముందే తెలిసింది. అవే అరుస్తూ బండి వైపు మెడలు చాచాయి. అతను కర్ర అడ్డంపెట్టి వాటిని పైకి తిప్పాడు. మేకలు ముందు, బండి వెనక, సందు దాటాం. టకటక లేదు, కీచు లేదు. దాటాక భాయ్ గొంతెత్తి ఏదో పాట అందుకున్నాడు. ఒక్క ముక్క సుతిలో లేదు.

పల్లెలో ఇళ్ల ముందు మూటలు కట్టి పెట్టుకుని ఉన్నారు. పిల్లలు బిందెలు తీసుకుని పరిగెత్తుకొచ్చారు. నేను ఇంజను ఆపి, ముందు గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, చెమ్మ లేదు. ఎక్కడా కారలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడిందని తుడుచుకున్నాను.

మీలో ఎవరైనా రెండు మోడళ్ల సామాను కలిపి ఇంజను కడితే, బోల్టులు కలిశాయని టెంకాయ కొట్టకండి. కిందిదాంట్లోంచి పైదాంట్లోకి నూనె ఏ దారిన పోతుందో వేలు పెట్టి చూసుకోండి. ఇంత చెప్పినా మీరు టెంకాయే ముందు కొడతారని నాకు తెలుసు, మేమూ అంతే. గుత్తి లారీ పాత జనరేటరుతోనూ మిగిలిన తుక్కుతోనూ సరిపెట్టుకుని పోయింది. ఆ బండి మాత్రం పల్లెలో బోరు పడేదాకా, ఎర్ర ఒంటి మీద పచ్చ తలకాయతో, పక్కన పంపుసెట్టు గొట్టంతో ఎక్కుతూనే ఉంది.

ఆ రోజు అవ్వ మొదటి బిందె నింపించుకుంది. అరుగు మీద బోర్లించి ఉన్న చెంబును తిప్పింది, ముంచింది, నా దగ్గరికి తెచ్చింది.

"కాళ్లు కడుక్కో అప్పా."

తాగేనీళ్లు గదా అవ్వా, పిల్లలకు ముందు పోయండి అన్నాను. ఆమె చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. తీసుకుని, చెప్పులు విడిచి, నూనె మరకల కాళ్ల మీద ఒక దోసిలి పోసుకున్నాను. మిగతాది తిరిగి ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అంతా పోసుకో," అంది. "రేపు మళ్ల తెస్తావు గదా."

అంతా పోసుకున్నాను.